అప్పగించిన మంద: గొర్రెల కాపరి నేర్పే నాయకత్వం

(అడాజన్‌లో తెలుగు సైనిక, మాజీ సైనిక కుటుంబాల కలయికలో చేసిన ప్రసంగ పాఠం)



నాకు ఇచ్చిన అంశం నాయకత్వం. నాయకత్వం మీద ఈ రోజుల్లో పుస్తకాలకు కొదవ లేదు. కాని నేను ఈ సాయంత్రం మీ ముందుకు తెస్తున్నది ఒక పాత పాఠం. బైబిల్లో మొదటి పుస్తకం నుంచి చివరి పుస్తకం దాకా కనిపించే గొర్రెల కాపరి గురించి మాట్లాడదలచుకున్నాను. ఇందులో మత ప్రచారం ఏమీ లేదని మీకు వేరే చెప్పనక్కరలేదు. మన యూనిట్లలో సర్వధర్మ స్థల్ అని ఒకే కప్పు కింద అందరి దేవుళ్ళనూ ఉంచుకుని, పండితుడు, మౌల్వీ, గ్రంథి, పాద్రీ ఎవరు చెప్పినా చేతులు కట్టుకుని విన్నవాళ్ళం మనం. మంచి మాట ఏ గ్రంథంలో ఉన్నా తీసుకోవడం మనకు అలవాటే.

గొర్రె అనే మాటతో చిక్కు

ముందుగా ఒక సందేహం తీర్చుకుందాం. తెలుగులో ఎవరినైనా గొర్రె అంటే కోపం వస్తుంది. ఆలోచన లేకుండా ఒకరి వెనక ఒకరు పడితే గొర్రెదాటు అంటాం. గొర్రె కసాయివాణ్ణే నమ్ముతుందని సామెత కూడా ఉంది. మరి నాయకుణ్ణి కాపరి అంటే జనాన్ని గొర్రెలన్నట్టే కదా, ఇది గౌరవమేనా అని ఎవరైనా అడగవచ్చు. న్యాయమైన ప్రశ్నే.

జవాబు ఏమిటంటే, ఈ పోలికలో గ్రంథం చూపు గొర్రెల తెలివితక్కువతనం మీద లేదు, కాపరి మీద ఉంది. నిజానికి రాజును కాపరి అనడం బైబిలుతో మొదలు కాలేదు. బాబిలోను రాజు హమ్మురాబీ తన శాసనాల పీఠికలో తనను తాను కాపరిగా చెప్పుకున్నాడు. గ్రీకు కవి హోమర్ సేనాపతి అగమెమ్నోనును ప్రజల కాపరి అని పిలిచాడు. అంటే ఆ రోజుల్లో అది రాజులు తగిలించుకునే బిరుదు. మన రాజుల బిరుదావళిలాంటిదే అనుకోండి. హీబ్రూ ప్రవక్తలు ఏం చేశారంటే ఆ బిరుదును పట్టుకుని లెక్క అడగడం మొదలుపెట్టారు. కాపరివని చెప్పుకుంటున్నావు కదా, మంద ఎక్కడ? ఎన్ని ఉన్నాయి? కాలు విరిగినదానికి కట్టు కట్టావా? తప్పిపోయినదాని కోసం వెతికావా? ఇవీ ప్రశ్నలు.

కనుక ఈ పోలిక జనాన్ని తక్కువ చేసేది కాదు. పైన కూర్చున్నవాణ్ణి బోనులో నిలబెట్టేది.

మంద ఎవరిది?

ఇక నేను చెప్పదలచుకున్న అసలు విషయానికి వస్తాను. బైబిల్లో పేరున్న కాపరులను వరుసగా చూడండి. యాకోబు ఇరవై ఏళ్ళు కాసినది మామ లాబాను మందను. మోషే మిద్యాను దేశంలో కాసినది మామ యిత్రో మందను. దావీదు కాసినది తండ్రి యెష్షయి గొర్రెలను. కొత్త నిబంధనకు వస్తే, గలిలయ ఒడ్డున ఉదయం భోజనం అయ్యాక యేసు పేతురుకు మూడుసార్లు మందను అప్పగిస్తాడు. మూడుసార్లూ అవి నా గొర్రెలు అనే అంటాడు కాని నీ గొర్రెలు అనడు.

గమనించారా? పేరుపొందిన ఈ కాపరులలో ఒక్కడికీ తాను కాసిన మంద తన సొంతం కాదు. అందరూ ఇంకొకరి మందను కాసినవాళ్ళే. సాయంత్రం దొడ్డి దగ్గర లెక్క చెప్పాల్సినవాళ్ళే. యాకోబు తన కష్టం చెప్పుకుంటూ పగలు ఎండకూ రాత్రి చలికీ నిద్ర లేకుండా పడి ఉన్నాననీ, మృగం చీల్చిన జంతువు నష్టం తానే భరించాననీ మామ ముఖం మీదే అంటాడు.

మన సైన్యంలో దీనికి సరిగ్గా సరిపోయే మాట ఉంది, అమానతు. ఒకరు నమ్మి మన చేతిలో పెట్టిన సొత్తు. పద్దెనిమిది, పంతొమ్మిదేళ్ళ కుర్రాడు ట్రంకు పెట్టెతో శిక్షణ కేంద్రం గేటులోపల అడుగు పెడతాడు. శ్రీకాకుళం నుంచి వస్తాడు, కరీంనగర్ నుంచి వస్తాడు, ప్రకాశం జిల్లా నుంచి వస్తాడు. వాడు హవల్దారు సొత్తు కాదు, కంపెనీ కమాండరు సొత్తు కాదు. వాడికొక తల్లి ఉంది, ఆమె పంపింది. దేశం తీసుకుని ఒక అధికారి చేతికి అప్పగించింది. నా కుర్రాళ్ళు అని మనం ప్రేమగా అంటాం. అనవచ్చు. కాని అది అమానతు అన్న ఎరుక ఉన్నంతవరకే ఆ మాటకు విలువ. 1932 డిసెంబరు 10న డెహ్రాడూన్ మిలిటరీ అకాడెమీ ప్రారంభ సభలో జనరల్ ఫిలిప్ చెట్‌వోడ్ చెప్పినది కూడా ఇదే వరుస. ముందు దేశం, తరువాత నీ కింద ఉన్న సైనికులు, చిట్టచివర నీ సుఖం. ఆ మాటలు చెట్‌వోడ్ హాలు గోడ మీద చదివిన అధికారికి కాపరి కథ కొత్తగా అనిపించదు.

ఈ ఒక్క విషయం నుంచి నాయకుడు నేర్చుకోవలసిన పాఠాలు కొన్ని పుట్టుకొస్తాయి. ఒక్కొక్కటే చూద్దాం.

లెక్క తప్పకూడదు

లూకా సువార్తలో ఒక చిన్న కథ ఉంది. నూరు గొర్రెలున్నవాడికి ఒకటి తప్పిపోతుంది. తొంభై తొమ్మిదింటిని విడిచి ఆ ఒక్కదాని కోసం వెళతాడు. దొరికాక తిట్టడు, కొట్టడు, భుజాల మీద వేసుకుని వస్తాడు. చాలామంది ఇందులో జాలి చూస్తారు. మంచిదే. కాని ముందు చూడవలసింది వేరే ఉంది. నూటిలో ఒకటి తగ్గిందని వాడికెలా తెలిసింది? వాడు లెక్కపెట్టాడు కనుక తెలిసింది. పాలస్తీనాలో సాయంత్రం గొర్రెలు ఒక్కొక్కటీ కాపరి చేతికర్ర కింద నుంచి దొడ్డిలోకి వెళ్ళేవి. ప్రవక్తల రాతల్లో ఆ ప్రస్తావన ఉంది. మన ఊళ్ళల్లో కురుమలు, గొల్లలు, ఇక్కడ గుజరాత్‌లో భర్వాడ్లు, రబారీలు చేసేదీ అదే. లెక్కపెట్టనివాడికి ఎప్పుడూ ఏదీ తప్పిపోదు!

మన రోల్ కాల్ ఎందుకు? విసుగు పుట్టించే పని అని కుర్రతనంలో అనుకుంటాం. గస్తీకి వెళ్ళిన జట్టు తిరిగి వచ్చినప్పుడు గేటు దగ్గర మనిషి మనిషినీ లెక్కపెట్టుకుంటేనే లోపలికి రానిస్తారు. ఆ లెక్క వెనక ఒక మాట ఉంది. నువ్వు రాకపోతే ఎవరో ఒకరికి తెలుస్తుంది, నీకోసం వస్తారు అన్న మాట. ఆ భరోసా మీదే సైనికుడు ముందుకు అడుగు వేస్తాడు.

2016 ఫిబ్రవరి 3న సియాచిన్‌లో సోనమ్ పోస్టు మీద మంచుచరియలు విరిగిపడి 19 మద్రాస్ రెజిమెంట్‌కు చెందిన పదిమంది కూరుకుపోయారు. అందులో మన కర్నూలు జిల్లా బిడ్డ సిపాయి ముస్తాక్ అహ్మద్ కూడా ఉన్నాడు. ఎవరూ బతికి ఉండే ఆశ లేదని మరుసటి రోజే తేలిపోయింది. అయినా వెతకడం ఆపలేదు. ఊపిరి ఆడని ఎత్తులో, గడ్డకట్టిన మంచును యంత్రాలతో కోస్తూ, కుక్కల సాయంతో వెతికారు. ఆరవ రోజున లాన్స్ నాయక్ హనుమంతప్ప కొప్పద్ ప్రాణాలతో దొరికాడు. ఫిబ్రవరి 11న ఆయన కన్నుమూసిన సంగతి మనందరికీ తెలుసు. ఫలితం మన చేతిలో లేదు. కాని పదిమందిలో చివరివాడు దొరికేదాకా ఆ జట్టు కొండ దిగలేదు. లూకా రాసిన కథకు ఇంతకంటే మంచి వ్యాఖ్యానం నాకు తెలియదు.

గొంతు గుర్తుపట్టాలి

యోహాను సువార్త పదవ అధ్యాయంలో మంచి కాపరి తన గొర్రెలను పేరు పెట్టి పిలుస్తాడని, అవి అతని గొంతును గుర్తుపడతాయని ఉంది. పరాయివాడు పిలిస్తే పారిపోతాయి. గొర్రెల దగ్గర బతికిన ఎవరిని అడిగినా ఇది నిజమే అంటారు. రాత్రి రెండు మందలు ఒకే చేనులో కలిసి పడుకున్నా, తెల్లవారి ఇద్దరు కాపరులు చెరో దిక్కున నిలబడి కేకవేస్తే ఎవరి మంద వారి వైపు విడిపోతుంది.

గొంతు గుర్తుపట్టడం ఒక్క రోజులో రాదు. రోజూ వినాలి. అందుకే మన సైన్యంలో ఒక మంచి సంప్రదాయం ఉంది. ఏ రాష్ట్రం అధికారి అయినా తాను చేరిన రెజిమెంటు జవాన్ల భాష నేర్చుకోవాలి. గోర్ఖాల దగ్గర చేరిన తెలుగువాడు నేపాలీ నేర్చుకుంటాడు. మద్రాస్ రెజిమెంటులో చేరిన పంజాబీ తమిళం నేర్చుకుంటాడు. ఇంటి దగ్గర అమ్మకు ఒంట్లో బాగాలేదు సాబ్ అనే మాట కుర్రాడి సొంత భాషలోనే సరిగ్గా బయటికి వస్తుంది.

ఇదే పని చేసిన మరొకరిని తెలుగునాట తలుచుకోవాలి. డోర్నకల్ బిషప్ వి.ఎస్. అజరయ్య. 1912లో ఆంగ్లికన్ చర్చిలో బిషప్ అయిన మొదటి భారతీయుడు ఆయన. బిషప్ చేతిలో ఉండే వంపు కర్ర గొర్రెల కాపరి కర్రే. పాస్టరు అనే మాటకు లాటిన్‌లో అర్థం కాపరి అనే. అజరయ్యగారు తిరునెల్వేలి ప్రాంతపు తమిళులు. పేదలూ చదువులేనివారూ ఎక్కువగా ఉన్న తెలుగు పల్లెల మధ్యకు వచ్చి, తెలుగు నేర్చుకుని, 1945లో కన్నుమూసేదాకా అక్కడే ఉండిపోయారు. మంద తన భాష నేర్చుకోవాలని కూర్చోలేదు, తానే మంద భాష నేర్చుకున్నారు.

బలహీనుడి నడకే మంద నడక

ఆదికాండంలో ఒక ఘట్టం నాకెంతో ఇష్టం. విడిపోయిన అన్నదమ్ములు ఏశావు, యాకోబు చాలా ఏళ్ళకు కలుసుకుంటారు. ఏశావు వెంట నాలుగు వందలమంది మనుషులున్నారు. రా తమ్ముడూ, కలిసి ప్రయాణం చేద్దాం అంటాడు. యాకోబు మర్యాదగా కాదంటాడు. పిల్లలు పసివాళ్ళు, మందలో పాలిచ్చే గొర్రెలున్నాయి, ఒక్క రోజు గట్టిగా తోలితే మంద మొత్తం చస్తుంది, నువ్వు ముందు పద, నేను వీటి నడకను బట్టి మెల్లగా వస్తాను అన్నది ఆయన జవాబు సారాంశం.

నాలుగు వందలమంది కండగల మనుషులు చూస్తుండగా నేను మెల్లగానే నడుస్తాను అనడానికి ధైర్యం కావాలి. రూట్ మార్చ్ చేసిన ప్రతివాడికీ తెలుసు. కంపెనీ చేరింది అంటే మొదటివాడు చేరినట్టు కాదు, ఆఖరివాడు చేరినట్టు. ముందున్నవాడు తన దమ్ము చూపించుకోవడానికి పరుగెడితే వెనక సగం మంది దారిలో పడిపోతారు. కుటుంబ పెద్దలకు కూడా ఈ పాఠం పనికివస్తుంది. మనం బెటాలియన్‌లో నేర్చుకున్న వేగం ఇంట్లో పదేళ్ళ పిల్లవాడి మీద రుద్దితే ఏమవుతుందో మన ఇళ్ళల్లో ఆడవాళ్ళను అడగండి, చెబుతారు!

తోడేలు వచ్చినప్పుడు

మళ్ళీ యోహాను సువార్తకే వద్దాం. మంచి కాపరికీ కూలివాడికీ తేడా మామూలు రోజుల్లో తెలియదు. ఇద్దరూ కర్ర పట్టుకుంటారు, ఇద్దరూ కేకలేస్తారు. తోడేలు వచ్చిన రోజున తెలుస్తుంది. కూలివాడు మంద నాది కాదు కదా అని పారిపోతాడు. మంచి కాపరి నిలబడతాడు. ఇందాక నేను మంద కాపరి సొంతం కాదన్నాను. ఇక్కడేమో సొంతం కానివాడు పారిపోతాడు అంటున్నాను. రెండింటికీ పొంతన ఎలా? ఇదే కాపరితనం లోతు. సొత్తు పరాయిదని ఎరిగి ఉండాలి, అందుచేత దాన్ని తినకూడదు. ప్రాణం మాత్రం సొంతదానికి పెట్టినట్టు పెట్టాలి. లాభం దగ్గర పరాయిది, ప్రమాదం దగ్గర నాది.

ఈ పాఠానికి ఉదాహరణ కోసం మనం దూరం పోనక్కరలేదు. మనం కూర్చున్న ఈ సూరత్ ఊరే చాలు. 1994 సెప్టెంబరులో ప్లేగు వార్తతో సూరత్ వణికిపోయింది. లక్షలమంది రైళ్ళలో, బస్సులలో ఊరు విడిచి వెళ్ళిపోయారు. మన తెలంగాణ జిల్లాల నుంచి మగ్గాల పనికి వచ్చి స్థిరపడిన నేత కుటుంబాలు కూడా ఈ ఊళ్ళో ఎన్నో ఉన్నాయి. ప్రైవేటు వైద్యులలో కూడా చాలామంది తలుపులు మూసుకున్నారు. భయపడ్డ మామూలు మనిషి పరుగెత్తడం తప్పని నేననను. పసిపిల్లలున్న తల్లి ఏం చేస్తుంది? కాని మంద అప్పగించబడినవాడి సంగతి వేరు. ఆ రోజుల్లో ఆసుపత్రిలో వార్డులు వదలని వైద్యులు, నర్సులు, పారిశుధ్య సిబ్బంది ఉన్నారు. వాళ్ళ పేర్లు మనకు తెలియవు. ఈ ఊరు వాళ్ళకు రుణపడి ఉంది.

మరుసటి ఏడాది, 1995లో, మునిసిపల్ కమిషనరుగా వచ్చినవారు మన తెలుగువారు, సూర్యదేవర రామచంద్రరావుగారు, అందరూ ఎస్.ఆర్. రావు అనే పిలిచేవారు. ఆయన చేసిన పనిలో నాయకత్వ పాఠమంతా ఉంది. అధికారులు ఏసీ గదులు వదిలి రోజూ వీధుల్లోకి వెళ్ళాలన్నారు. ఏసీ నుంచి డీసీకి, అంటే చల్లటి గది నుంచి రోజువారీ చాకిరీకి అని దానికి పేరు పెట్టారు. నగరాన్ని ఆరు మండలాలుగా చేసి, ఒక్కొక్క మండలానికి ఒక అధికారిని పెట్టి, నిర్ణయం తీసుకునే అధికారం కూడా ఇచ్చారు. చూసిన లోపం ఆ రోజే మాట్లాడుకోవాలి. వ్యాపార వీధులను రాత్రిపూట ఊడ్పించారు. అక్రమ కట్టడాలు తొలగించేటప్పుడు పలుకుబడి ఉన్నవాళ్ళని వదిలిపెట్టలేదు. కమిషనరే చెత్త కుప్పల దగ్గర నిలబడితే కిందివాడు కుర్చీలో ఎలా కూర్చుంటాడు? కొద్ది కాలంలోనే సూరత్ చండీగఢ్ తరువాత దేశంలో రెండవ పరిశుభ్ర నగరంగా పేరు తెచ్చుకుంది. ఆ అలవాటు నిలబడింది కూడా. 2023 స్వచ్ఛ సర్వేక్షణ్‌లో ఇండోర్‌తో కలిసి మొదటి స్థానం అందుకుంది. పాలస్తీనా కాపరి మందకు ముందు నడుస్తాడు అని సువార్తలో ఉంది. ముందు నడవడం అంటే ఇదే.

ఇక సరిహద్దులో ముందు నడిచినవాణ్ణి తలుచుకోకుండా ఈ మాట ముగించలేను. సూర్యాపేట బిడ్డ, కోరుకొండ సైనిక్ స్కూలు విద్యార్థి, 16 బీహార్ కమాండింగ్ ఆఫీసర్ కర్నల్ బి. సంతోష్ బాబు. 2020 జూన్ 15 రాత్రి గల్వాన్ లోయలో తన జవాన్లతో పాటు తాను నిలబడి, వారితోనే అమరుడయ్యాడు. ఆయనతో కలిపి ఇరవైమంది. దేశం మహావీర చక్రతో గౌరవించింది. కమాండింగ్ ఆఫీసరు వెనక టెంటులో ఉండి ఉంటే ఎవరూ తప్పు పట్టేవారు కాదు. ఆయన ముందు నడిచాడు.

కంచే చేను మేస్తే

ఇప్పటిదాకా మంచి మాటలు చెప్పాను. గ్రంథం మాత్రం చెడ్డ కాపరుల గురించి ఎక్కువ కటువుగా మాట్లాడుతుంది. యెహెజ్కేలు ప్రవక్త బాబిలోను చెరలో ఉండి రాసిన 34వ అధ్యాయం చదవండి. దేశం ఓడిపోయి, జనం చెదిరిపోయిన సమయం అది. ఎందుకిలా అయిందని వెతికితే ఆయన వేలు నాయకుల వైపే తిరిగింది. కొవ్వు మీరు తిన్నారు, ఉన్ని మీరు కట్టుకున్నారు, మందను మాత్రం మేపలేదు అని ఆరోపణ. బలహీనమైనదాన్ని బలపరచలేదు, జబ్బుదానికి వైద్యం లేదు, విరిగినదానికి కట్టు లేదు, తోలివేయబడినది తిరిగి రాలేదు, పోయినదాన్ని వెతకలేదు. మన పెద్దలు కంచే చేను మేస్తే అన్నది ఇదే. ఆ ప్రవక్త మందలో బలిసిన గొర్రెలను కూడా వదలలేదు. తాము తాగి మిగతా నీళ్ళను కాళ్ళతో బురద చేసేవి, భుజంతోనూ కొమ్ముతోనూ బలహీనమైనవాటిని తోసేసేవి ఉంటాయని చెప్పాడు. లంగరులో, క్యాంటీను వరుసలో, ఆఖరికి మన కాలనీ సొసైటీలలో కూడా ఇలాంటివారిని మనం చూశాం కదా!

ఉత్తముడైన కాపరి కూడా జారిపోవచ్చు. దావీదు కథ అందుకే ఉంది. చిన్ననాడు తండ్రి గొర్రెల కోసం సింహంతో, ఎలుగుతో పోరాడినవాడు, రాజయ్యాక, రాజులు యుద్ధానికి వెళ్ళే కాలంలో తాను నగరంలో ఉండిపోయాడు. తన సైనికుడు ఊరియా భార్యను ఆశించాడు. ఆ ఊరియాను యుద్ధరంగం నుంచి పిలిపిస్తే, నా తోటివారు గుడారాల్లో నేల మీద పడుకుంటే నేను ఇంటికి పోనా అని రాజద్వారం దగ్గరే పడుకున్నాడు. అసలు సైనికుడంటే అతడు! అతణ్ణి ముందు వరుసలో ఒంటరిగా వదిలి చంపించమని రాజే సేనాపతి యోవాబుకు ఉత్తరం రాశాడు. ఆ ఉత్తరం మోసుకుపోయింది ఊరియానే. తరువాత నాతాను ప్రవక్త వచ్చి రాజుకు ఒక పేదవాడి గొర్రెపిల్ల కథ చెప్పాడు. మందలున్న ధనవంతుడు ఆ పేదవాడి ఒక్కగానొక్క గొర్రెపిల్లను లాక్కున్న కథ. దావీదుకు కోపం వచ్చింది. ఆ మనిషివి నువ్వే అన్నాడు నాతాను. పాత కాపరిలో కాపరితనం మేలుకున్నది అప్పుడు. ఆ తరువాత ఒకసారి దేశంలో తెగులు వచ్చినప్పుడు అదే దావీదు, తప్పు నాది, ఈ గొర్రెలేం చేశాయి, శిక్ష నా మీద పడనీ అని ప్రార్థించాడు. తప్పు కిందివాడి మీదికి నెట్టకుండా తన మీద వేసుకున్నప్పుడు రాజు మళ్ళీ కాపరి అయ్యాడు.

అప్పగింత

చివరి పాఠం చార్జి అప్పగించడం. దావీదు అన్నలకు తిండి తీసుకుని యుద్ధభూమికి బయలుదేరిన తెల్లవారుజామున ఒక చిన్న పని చేశాడు. గొర్రెలను మరో కాపరికి అప్పగించి వెళ్ళాడు. గోల్యాతును కొట్టిన కథ అందరికీ గుర్తుంటుంది, ఈ ఒక్క ముక్క ఎవరికీ గుర్తుండదు. అక్కడ అన్న, ఆ కాసిని గొర్రెలను ఎవరికి వదిలి వచ్చావని ఎగతాళి చేశాడు. కాని అతను వదిలి రాలేదు, అప్పగించి వచ్చాడు. సెంట్రీ బదిలీదారు రాకుండా పోస్టు విడవడు అని మనం మొదటి నెలలోనే నేర్చుకున్నాం. మోషే కూడా తన కాలం తీరిందని తెలిశాక తన గురించి అడగలేదు. జనం కాపరి లేని గొర్రెల్లా కాకూడదు, ఇంకొకణ్ణి నియమించమని అడిగాడు. యెహోషువ అలా వచ్చాడు.

మరి మన మంద ఏది?

మిత్రులారా, మనలో చాలామందికి ఇప్పుడు ర్యాంకు లేదు, ఆజ్ఞ ఇవ్వడానికి ప్లటూన్ లేదు. నాయకత్వం గురించి ఇంకా ఎందుకు అనుకోవచ్చు. కాని చుట్టూ చూడండి. 2006 ఆగస్టులో ఉకాయ్ డ్యాం నుంచి తొమ్మిది లక్షల క్యూసెక్కులకు పైగా నీరు వదిలినప్పుడు తాపీ పొంగి ఈ అడాజన్, అవతల రాందేర్ వైపు ఇళ్ళు మునిగిపోయాయి. సైన్యం, నౌకాదళం పడవలతో వచ్చాయి, వైమానిక దళం ఆకాశం నుంచి ఆహారం పడేసింది. అటువంటి రోజు మళ్ళీ వస్తే, పై అంతస్తులో ఒంటరిగా ఉన్న మన పెద్దాయన ఎవరు, ఏ వీధిలో ఉన్నాడు అన్న లెక్క మన దగ్గర ఉందా?

వరద దాకా కూడా పోనక్కరలేదు. పింఛను ఇప్పుడు స్పర్శ్ పోర్టల్ ద్వారా వస్తోంది. ఏటా బతికి ఉన్నట్టు ధ్రువీకరణ ఇవ్వాలి, ఇవ్వకపోతే పింఛను ఆగుతుంది. భర్త పోయి, పిల్లలు దూరాన ఉండి, గుజరాతీ అంతంత మాత్రం, కంప్యూటరు అసలే తెలియని ఒక హవల్దారు భార్య ఉందనుకోండి. ఆమె ఎవరిని అడగాలి? ఉగాదికి మనం పిలుస్తాం, రెండేళ్ళుగా రావడం మానేసింది. ఎందుకు మానేసిందో మనం కనుక్కున్నామా? ఆ నూరవ గొర్రె ఆమే. తొంభై తొమ్మిదిమందితో పచ్చడి తిని, ఫోటో దిగి ఇళ్ళకు వెళ్ళిపోతే మనం కాపరులం కాము, మందలో బలిసినవాళ్ళం మాత్రమే.

కనుక నా మనవి చిన్నది. మూడే పనులు. ఒకటి, ఒక నోటు పుస్తకంలో ఈ ప్రాంతంలోని మన సైనిక కుటుంబాలన్నిటి పేర్లు, ముఖ్యంగా వీరనారుల, వితంతువుల, ఒంటరి వృద్ధుల పేర్లు రాయాలి. రెండు, ఒక్కొక్కరు నాలుగైదు ఇళ్ళ బాధ్యత తీసుకోవాలి. నెలకొకసారి ఫోను సరిపోదు, తలుపు తట్టాలి, గొంతు వినిపించాలి. ధ్రువీకరణ నెల వచ్చేసరికి పక్కన కూర్చుని పని పూర్తి చేయించాలి. జిల్లా సైనిక్ బోర్డుకు వెళ్ళాల్సి వస్తే తోడు వెళ్ళాలి. మూడు, మనలో ఎవరైనా ఊరు మారినా, ఒంట్లో ఓపిక తగ్గినా ఆ ఇళ్ళను ఇంకొకరికి అప్పగించి వెళ్ళాలి.

ఈ పనికి పదవి అక్కరలేదు, పూలదండ అక్కరలేదు. అప్పగించినవాడు ఒకనాడు లెక్క అడుగుతాడని గ్రంథం అంటుంది. నమ్మకం ఎవరిది వారిది. కాని ఆ కుర్రాణ్ణి మన చేతిలో పెట్టిన తల్లి, ఆ జవాను చేయి పట్టుకుని వచ్చిన ఇల్లాలు లెక్క అడిగే హక్కు ఉన్నవాళ్ళు. వాళ్ళు అడగకముందే మన నోటు పుస్తకం సిద్ధంగా ఉండాలి. ఇవాళ భోజనాలకు ముందే మొదటి పేజీ మొదలుపెడదాం. మీకు తెలిసిన పేర్లు చెప్పి వెళ్ళండి.

 జై హింద్.